యాష్టకొచ్చినప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి: ఇంటి పని, రోజువారీ పరుగు, సంబంధాల వెతుకులాట

పొద్దుగాల అలారం మోగకముందే విసుగు మొదలవుతోందా? నల్లా వచ్చే టైముకు లేవడం, బోళ్లు తోమడం, టిఫిన్ డబ్బా కట్టుకోవడం, బస్టాండుకు ఉరకడం, సాయంత్రం అదే బస్సులో నిలబడి తిరిగి రావడం. రాత్రి అయ్యేసరికి ఫోన్‌లో ఇంకో కొత్త మనిషి. “ఏం జాబ్ చేస్తరు?” దగ్గర మళ్లీ మొదలు. విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ మోయలేని బరువు కాదు. అన్నీ కలిసి, రోజూ, ఒకే వరుసలో వస్తాయి. అందుకే ఒకరోజు ఏ కారణం లేకుండానే చెంచా కింద పడ్డా ఏడుపొస్తుంది.

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా “యాష్టకొస్తుంది” అని నోరు తెరిస్తే రెండు సలహాలు దొరుకుతాయి. నాలుగు రోజులు ఎటన్నా తిరిగి రమ్మంటారు, లేదంటే పెళ్లి చేసుకుంటే అంతా సక్కగైతదంటారు. ప్రేమతోనే చెప్తారు, కానీ ఇవి చాలామందికి పనికిరావు. యాష్ట అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో మూడు వేర్వేరు సంగతులుంటాయి. ఒళ్లు అలిసిపోవడం ఒకటి. ఒకే పని, ఒకే దారి, ఒకే మాటలతో మనసు మొద్దుబారడం ఇంకొకటి. “ఇదంతా నేనొక్కదాన్నే ఎందుకు చెయ్యాలె?” అనే కడుపుమంట మూడోది. అలిసిన మనిషిని నాగార్జునసాగర్ చూడటానికి తీసుకెళ్తే ఇంకా అలిసిపోతుంది. మొద్దుబారిన మనసు ఆదివారమంతా పడుకున్నా తేలికపడదు. కడుపుమంటైతే నిద్రతోనూ పోదు, తిరిగినా పోదు. ఇంట్లో కూర్చుని మాట్లాడాలి, పని చేతులు మారాలి. కాబట్టి ముందు మీది ఏదో తేల్చుకోండి.

ఒక వారం రాసిపెట్టుకోండి

పిల్లల పాత నోట్‌బుక్కులో మిగిలిన పేజీలు చాలు. పడుకునే ముందు, ఆ రోజు ఎక్కడ బాగా చిరాకేసిందో రెండు మూడు వాక్యాలు రాయండి. ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: అలసటకు ‘అ’, విసుగుకు ‘వి’, కడుపుమంటకు ‘క’. ఇలా ఉంటుంది:

“పొద్దుగాల నల్లా దగ్గర. బిందెలన్ని నేనే మోసిన. తమ్ముడు పండుకునే ఉన్నడు. క.”

“ఆఫీసుల మళ్ల అదే రిజిస్టరు. వి.”

“రాత్రి అతని మెసేజ్ వచ్చింది. జవాబియ్యబుద్ధి కాలే. అ?”

ఆ ప్రశ్న గుర్తును అట్లనే ఉండనివ్వండి. తెలియని చోట తెలియదనే రాసుకోవాలి. అందంగా రాయాలని, కారణాలు వెతకాలని చూడొద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నది మాత్రం తప్పకుండా రాయండి. “ఈ రోజంతా చెత్తగా గడిచింది” అన్న వాక్యం దేనికీ అక్కరకు రాదు. “బస్సులో నార్కట్‌పల్లి దాటినంక” అని రాస్తే దాని గురించి ఏమన్నా చేయొచ్చు.

వారం తర్వాత మొత్తం ఒకేసారి చదవండి. ఉద్యోగమే తన యాష్ట అనుకున్న మనిషికి, రాసింది చూస్తే ఉద్యోగం గురించి ఒక్క ముక్క కూడా ఉండకపోవచ్చు. అంతా ఇల్లు చేరిన మొదటి అరగంటలోనే ఉండొచ్చు: చెప్పులు విడవకముందే వినిపించే “కూరేం చేస్తవ్?” అన్న ప్రశ్న. మనకు మొత్తం జీవితం మీద కోపం వచ్చినట్టు అనిపిస్తుంది గానీ, కాగితం మీద చూస్తే అది రోజులో రెండు మూడు చోట్లే కుదురుకుని ఉంటుంది. ఆ రెండు మూడు చోట్లే పట్టుకోవాలి. ఈ వారంలో ఉద్యోగం మానేయడం, ఎవరితోనన్నా తెగదెంపులు చేసుకోవడం లాంటి పెద్ద నిర్ణయాలు మాత్రం తీసుకోకండి.

‘అ’లు ఎక్కువుంటే ముందు ఒంటి సంగతి చూడండి

ఈ మెట్టు దాటేసి ముందుకు పోవద్దు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే కళ్లు మూతలు పడటం, ఏ పని మీదా మనసు లేకపోవడం రక్తం తక్కువైనా వస్తాయి, థైరాయిడ్ తేడా చేసినా వస్తాయి. “బద్ధకం” అని ఇంట్లోవాళ్లు తిడుతుంటే మనమూ నమ్మేస్తాం. మీకు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అలసట గురించి డాక్టరుకు చెప్పండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు అవసరమా అని అడగండి. ప్రభుత్వ దవాఖానాల్లో తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కింద పరీక్షలు ఉచితంగానే చేస్తారు. మగవాళ్లకూ ఇదే మాట.

తర్వాత నిద్ర. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీల షిఫ్టులకు వెళ్లేవాళ్లు, రోజూ హైదరాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు నిద్రను చివర్లో మిగిలిన తునకగా చూస్తారు. నల్లగొండ నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచీ అంతే. పోను రాను రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించే ఒంటికి రాత్రి పదకొండున్నర దాకా ఫోన్ చూస్తూ ఉండటం ఎక్కువే. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లయితే పగలు పడుకునే గదికి మందపాటి దుప్పటి కిటికీకి అడ్డం కట్టండి. ఎన్ని గంటల దాకా లేపొద్దో ఇంట్లోవాళ్లకు చెప్పడమే కాదు, కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. చుట్టాలొచ్చినా సరే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసే ఉంటారు. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మ విరిగిపడితే జనాన్ని లోపలికి రానివ్వడం ఆపారు. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. కొమ్మలకు కింద నుంచి ఆసరాలు పెట్టారు. అంత చెట్టుకే ‘కొన్నాళ్లు ఎవరూ రావొద్దు’ అని బోర్డు పెట్టారు కదా. మీరూ వారంలో ఒక సాయంత్రం అట్లనే పెట్టుకోండి. ఆ సాయంత్రం ఫంక్షన్ లేదు, సంబంధం ఫోన్ లేదు, ఆఫీసు గ్రూపు లేదు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉంటే, ఇదివరకు ఇష్టమైనవేవీ ఇష్టంగా లేకుంటే, నిద్ర, ఆకలి తప్పిపోతే, బతుకు మీదే విరక్తి పుడుతుంటే అది యాష్ట దాటిపోయింది. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేస్తే ‘పిచ్చి’ అనుకుంటారేమోనని ఆగొద్దు. జ్వరం వస్తే దవాఖానకు పోమా?

‘క’లు ఎక్కువుంటే పని చేతులు మారాలి

ఎక్కువమంది నోట్‌బుక్కుల్లో ఈ అక్షరమే ఎక్కువుంటుందని నా నమ్మకం, ముఖ్యంగా ఆడపిల్లలవి. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా ఎవరి సమయం దేనికి పోతోందో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అంటే ఐదు గంటలకు గంటన్నర. ఆ 97 కూడా, అసలు ఇంటి పని ముట్టుకునే మగవాళ్లది మాత్రమే. కాబట్టి మీ కడుపుమంటకు కారణం మీ గుణం కాదు. దాని వెనక లెక్క ఉంది.

మొదట ఇంట్లో పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఊడ్చుడు, తోముడు, ఉతుకుడు అందరికీ గుర్తొస్తాయి. కనపడని పనులు రాయడం మరవొద్దు: గ్యాస్ బుక్ చేయడం, పాల లెక్క, కరెంటు బిల్లు, రేషన్ బియ్యం తేవడం, అమ్మ బీపీ గోలీలు ఎప్పుడైపోతున్నాయో చూడటం, ఎవరి పెళ్లికి ఎంత చదివించాలో గుర్తుంచుకోవడం, “రేపు ఏం కూర” అని ముందు రోజే ఆలోచించడం. ఈ ఆలోచించే పనే మనిషిని ఎక్కువ తినేస్తుంది, ఎందుకంటే దానికి అయిపోవడం అంటూ లేదు.

కాగితం తయారైతే ఏదన్నా రెండు పనులు ఎంచి, ఒకటి తర్వాత ఒకటి పూర్తిగా ఇంకొకరికి ఇవ్వండి. సాయం అడగొద్దు. సాయం అడిగితే పని మీదే, ఎదుటివాళ్లది దయ. మొత్తం పనే అప్పజెప్పండి. నల్లా సంగతే తీసుకోండి. మిషన్ భగీరథ నీళ్లు మీ వాడకు ఏ టైముకు వస్తాయో మీకు నిద్రలో కూడా తెలుసు. లేచి పైపు తగిలించాలి, స్టీలు బిందెలు తాగే నీళ్లకు, ప్లాస్టిక్ డ్రమ్ము వాడుకకు, బిందె నిండేలోపు రెండోది కడిగి పెట్టాలి, నీళ్లు ఆగిపోయే ముందు సన్నగా వచ్చే ధార చూసి బకెట్ పెట్టాలి. ఇదంతా ఒక పని. తమ్ముడికి ఇస్తే ఇట్ల ఇవ్వండి:

“రేపటి సంది పొద్దుగాల నల్లా నీది. బిందెలు పట్టుడు, డ్రమ్ము నింపుడు, పైపు చుట్టి పెట్టుడు అంత నీదే. నేను లేపను, యాది చెయ్యను.”

చివరి మాటే ముఖ్యం. లేపే పని, గుర్తు చేసే పని మీ దగ్గర ఉండిపోతే మీకు ఒరిగిందేమీ లేదు. ఒకటి రెండు రోజులు డ్రమ్ము నిండదు. ఇంట్లో గొడవ అవుతుంది. అమ్మ మధ్యలోకి వచ్చి “పోనీ తియ్ బిడ్డా, వాడు మగపోరడు” అంటుంది. అప్పుడు కోపం చేయకుండా “అమ్మా, నీళ్లు వాడు గూడ తాగుతడు గద” అని ఊరుకోండి. ఆ రోజు తక్కువ నీళ్లతోనే గడవనివ్వండి. మీరు వెళ్లి నింపితే నల్లా మళ్లీ మీదైపోతుంది. అట్లాగే, అతను బిందె సరిగ్గా కడగలేదని మళ్లీ కడగొద్దు. మీ పద్ధతిలోనే కావాలంటే ఆ పని ఎప్పటికీ మీ చేతి నుంచి పోదు.

పెళ్లైనవాళ్లు భర్తతో మాట్లాడేటప్పుడు టైము చూసుకోండి. బండి దిగి వచ్చిన క్షణంలో, భోజనం ముందర వద్దు. అన్నం తిన్నాక కాగితం ముందు పెట్టి, “ఇండ్ల మీకు ఏ రెండు చేతనైతయో మీరే చెప్పుండ్రి” అనండి. తానే ఎంచుకున్న పని మనిషి ఎక్కువ రోజులు చేస్తాడు. జొన్నరొట్టెలు తినే ఇల్లైతే రాత్రి పూట దీనితోనే మొదలుపెట్టొచ్చు. వేడినీళ్లతో పిండి పిసికి, పీట మీద రొట్టె తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డ అద్ది తిప్పి, పొంగిందాకా చూసి తీయాలి. ఐదుగురికి చేసే లోపు ఒక్క మనిషికి భుజాలు పడిపోతాయి, వేడికి మొహం మండుతుంది. ఒకరు తడితే ఒకరు కాల్చాలి. కాల్చడం నేర్చుకోవడానికి రెండు పూటలు చాలు.

అత్తగారితో ఇంకో తీరు. ఆమె జీవితమంతా ఆ పనే చేసి ఉంటుంది. మీరు తీసేస్తానంటే ఆమె చేసినదాన్ని తక్కువ చేసినట్టు ఉంటుంది. తగ్గించండి, పూర్తిగా తీసేయకండి. “అత్తమ్మా, మంగళారం, శుక్రారం సానిపి చల్లి పెద్ద ముగ్గేస్త. తక్కిన దినాలు ఊడ్చి నీళ్లు చల్లుత.” ఇలా చెప్తే ఒప్పుకోని అత్తలు తక్కువ.

పంచలేని పని, మానలేని పని కొంత మిగులుతుంది. దాన్ని తోడుతో చేయండి. సంక్రాంతికి సకినాలు ఎట్ల చేస్తారో చూడండి. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, పరిచిన బట్ట మీద వేళ్ల మధ్య నుంచి సన్నటి ధారగా చుట్టు మీద చుట్టు పోస్తారు. గంటల తరబడి నడుం వంచి చేసే పని అది. పండుగ పని యాష్ట అని ఎవరైనా అంటారా? ఈ రోజు మీ ఇంట్లో, రేపు పక్కింట్లో, ఎల్లుండి మేనత్త ఇంట్లో. నలుగురు కూర్చుంటారు, ముచ్చట్లు నడుస్తుంటాయి, పొద్దు ఎటు పోయిందో తెలియదు. అదే పని ఒక్కదాన్నే, తలుపు వేసుకుని చేయమంటే చూడండి. ఎల్లిపాయలు పొట్టు తీసే పని, బట్టలు మడతపెట్టే పని పక్కింటి వదినతో అరుగు మీద పెట్టుకోండి. ఒంటరిగా గదిలో ఉండే అబ్బాయిలు వారంలో రెండు రాత్రులు పక్క గది సోపతితో కలిసి వండుకోండి. ఒక్కడికోసం పప్పు వండాలంటే కలిగే నీరసం ఇద్దరికి వండేటప్పుడు ఉండదు.

‘వి’లకు చిన్న మార్పు చాలు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. రోజూ జరిగేదాంట్లో ఒక్కటి మార్చండి, వారం ఉంచండి. బస్సులో కూర్చునే వైపు, ఇంటికి నడిచే గల్లీ, అన్నం తినే చోటు. నల్లగొండవాళ్లైతే దుకాణం నుంచి నేరుగా ఇంటికి పోయే బదులు వారంలో ఒకసారి పానగల్లు వైపు బండి తిప్పి ఉదయ సముద్రం కట్ట మీద కాసేపు నిలబడండి. నల్లగొండలో పుట్టి పెరిగి ఛాయా సోమేశ్వరాలయం లోపలికి వెళ్లనివాళ్లు ఎంతమందో. కందూరు చోళుల కాలం నాటి గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఒకే చోట నిలుస్తుంది. వెళ్లి, బయటి స్తంభాల మధ్య అటూ ఇటూ నడిచి, ఏ స్తంభం నీడో మీరే తేల్చడానికి చూడండి. గంట ఇట్టే గడుస్తుంది.

ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి ఆలంపూరో, సాగరో, సోమశిలో ఒక రోజు పెట్టుకోండి. కానీ ఆ రోజు ఇంట్లో వంట ఎవరిదో ముందే తేలాలి. పొద్దున నాలుగింటికి లేచి అందరికీ వండి పెట్టి, రాత్రి వచ్చి బోళ్లు తోమేదైతే అది విహారం కాదు, డబుల్ డ్యూటీ.

సంబంధాల యాష్ట

దీన్ని డేటింగ్ అనండి, సంబంధాలు చూసుడు అనండి, మన దగ్గర రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. ఫోన్‌లో రెండు యాప్‌లు, అమ్మ వాట్సాప్‌లో కుల సంఘం గ్రూపు బయోడేటాలు, ఊళ్లో మధ్యవర్తి, మధ్యలో ఇన్‌స్టాలో పరిచయమైన ఒకరు. మంచి ఉద్యోగం ఉన్న అమ్మాయికి ఇన్ని ఎంపికలు ఒక తలనొప్పి. వ్యవసాయం చేసుకునే అబ్బాయికి ఏ తలుపు తట్టినా “సాఫ్ట్‌వేరా?” అన్న ప్రశ్న ఇంకో తలనొప్పి. ఇద్దరూ ఒకే మాట అంటారు: చాలు ఇగ.

ముందు ఒక నెల ఆపండి. చెప్పకుండా ఆపితే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి, కాబట్టి తేదీతో చెప్పండి. “నాయినా, వచ్చే అమాస దాక ఎవల్నీ చూడను. అమాస దాటినంక నేనే అడుగుత, అప్పుడు తీసుకరాండ్రి.” తేదీ ఉన్న ఆగుడును పెద్దలు ఒప్పుకుంటారు. ఉట్టిగా “నాకు పెళ్లొద్దు” అంటే రోజూ పంచాయితీ.

నెల తర్వాత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒకే దారి ఉంచుకోండి. యాప్ అయితే యాప్, మధ్యవర్తి అయితే మధ్యవర్తి. ఒకసారికి ఇద్దరితో మించి మాట్లాడొద్దు. ఐదుగురితో మాట్లాడితే ఎవరికి చెల్లెలుందో, ఎవరిది మిర్యాలగూడో, ఎవరిది వనపర్తో కలిసిపోతుంది. మీరు మనుషుల్ని కలుస్తున్నట్టు ఉండదు, ఫైళ్లు తిరగేస్తున్నట్టు ఉంటుంది. ఫోన్ చూసే టైము రాత్రి భోజనం తర్వాత అరగంట అని పెట్టుకోండి.

“తిన్నవా?” “ఆ, తిన్న. నువ్వు?” “తిన్న. ఇంకేంటి?” ఈ మూడు వాక్యాలు నెలల తరబడి నడిచిన సంబంధాలు ఎన్నో ఉన్నాయి. మెసేజుల్లో మనిషి తెలియదు. నాలుగైదు రోజులు రాసుకున్నాక గొంతు వినండి, రెండు మూడు వారాల్లో ఎదురుగా కలవండి. కలిసినప్పుడు జీతం, ప్లాట్లు, కారు సంగతి పెద్దలు ఎట్లాగూ అడుగుతారు. మీరు వేరే అడగండి:

“మీ ఇంట్ల పొద్దుగాల నీళ్లు ఎవరు పడ్తరు?”

“అమ్మకు జరమొస్తే వంట ఎవరు చేస్తరు?”

“ఆఫీసు నుంచి బాగ అలిసొచ్చిన్నాడు ఏం చేస్తరు? ఎవరితో మాట్లాడ్తరు?”

“సెలవు దినం మీకు పొద్దుపోతదా?”

ఈ ప్రశ్నలు సాదాగా కనిపిస్తాయి గానీ జవాబుల్లో మనిషి మొత్తం బయటపడతాడు. నీళ్లు ఎవరు పడతారో కాసేపు ఆలోచిస్తే కూడా గుర్తురాని అబ్బాయి ఇంట్లో, రేపు మీ నోట్‌బుక్కులో ఏ అక్షరం నిండుతుందో మీకు ముందే తెలుస్తుంది. “నేనే పడ్త, మా చెల్లెకు కాలేజ్ బస్సు ఉంటది” అన్నవాడు చిన్న ఉద్యోగంలో ఉన్నా ఇంకోసారి కలవండి. అబ్బాయిలూ ఇవే అడగండి. పెళ్లి తర్వాత అలసట, డబ్బు, ఇంట్లోవాళ్ల గురించి నోరు విప్పి మాట్లాడగల అమ్మాయేనా కాదా అన్నది మీకూ అంతే అవసరం.

ఎక్కడ కలవాలన్నది మన ఊళ్లలో పెద్ద చిక్కు. గడియారం సెంటర్లో ఏ బేకరీలో కూర్చున్నా బాబాయి స్నేహితుడొకరు పలకరిస్తారు. పెద్దలకు తెలిసిన సంబంధమైతే దాచకండి. పట్టపగలు, జనం ఉన్న చోట కలవండి. పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియం ఉంది. శిల్పాలు చూస్తూ నడుస్తుంటే మాటలు తేలిగ్గా వస్తాయి, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటే వచ్చే ఇంటర్వ్యూ వాతావరణం ఉండదు. ఎక్కడికి, ఎవరితో వెళ్తున్నారో ఒక అక్కకో స్నేహితురాలికో చెప్పే వెళ్లండి.

పెళ్లిచూపులు తప్పనిసరైతే, ప్లేట్లో మిక్చర్, మైసూర్‌పాక్ పెట్టి పదిమంది ముందు కూర్చోబెట్టే ముందే పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతానని అడగండి. సగం పెళ్లిచూపులు అక్కడే ఆగిపోతాయి, మీకు ఒక పట్టుచీర కట్టే శ్రమ, వాళ్లకు ఒక ప్రయాణం తప్పుతుంది. కట్నం మాట వస్తే మెత్తబడొద్దు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద ఇచ్చినా, తీసుకున్నా, అడిగినా నేరమే. “అందరు ఇస్తున్నరు గద” అన్న మాట వినీ వినీ విసిగిపోయి ఒప్పుకున్న ఇళ్లలో ఆ అప్పు తీర్చే యాష్ట ఏళ్ల తరబడి ఉంటుంది.

నచ్చకపోతే రెండు రోజుల్లో చెప్పేయండి. “మీతో మాట్లాడిన, మంచిగనే అనిపించింది, కానీ నాకు కుదరదు అనిపిస్తుంది. మీకు మంచి జరగాలె.” ఇంతే. కారణాలు చెప్పుకుంటూ పోతే బేరం మొదలవుతుంది. జవాబివ్వకుండా మాయమైతే ఎదుటి మనిషి రోజుల తరబడి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది. అట్ల మీకు జరిగినప్పుడు ఎంత బాధేసిందో యాది చేసుకోండి.

ఇంకా కలవని మనిషి డబ్బులడిగితే, ఆస్పత్రి అన్నా, కస్టమ్స్‌లో గిఫ్ట్ ఆగిందన్నా, అక్కడికక్కడే ఆపండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫొటోలతో బెదిరిస్తే ఇంట్లో తిడతారని దాచొద్దు. ఆడవాళ్ల రక్షణ కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్స్ జిల్లాల్లో కూడా ఉన్నాయి, 112కు చేసినా పోలీసులు పలుకుతారు.

ఇప్పటికే ఒకరితో ఉండి, ఆ మనిషి మీదే విసుగు పుడుతుంటే విడిపోయే ముందు ఒకటి చేసి చూడండి. ప్రతిసారీ అదే బేకరీలో అదే పఫ్ తినడం ఆపి, ఇద్దరూ కలిసి ఒక పని పెట్టుకోండి. అతని చెల్లె అడ్మిషన్ కాగితాలు తీయించడమో, మీ బండి సర్వీసింగో, అనాథాశ్రమంలో ఒక పూట వడ్డనో. పని మధ్యలో, క్యూలో, ఎండలో, ఆకలిగా ఉన్నప్పుడు ఒకరితో ఒకరు ఎట్ల ఉంటారో చూసుకోండి. అక్కడ కూడా ఒకరి కష్టం ఒకరికి పట్టకపోతే, మీకు వచ్చింది విసుగు కాదు, ‘క’ అని తెలుస్తుంది. దాన్ని దాచుకుని పెళ్లిపీటల దాకా మోసుకుపోవద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆదివారం వద్దు. ఆదివారం మటన్, చుట్టాలు, వారం బట్టలు. మంగళవారమో బుధవారమో రాత్రి నోట్‌బుక్ తెరవండి. పత్తి ఏరే నెలల్లో, ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు, పిల్లల పరీక్షలప్పుడు పని పంచే మాట ఎత్తకండి. ఎవరికీ వినే ఓపిక ఉండదు, మీకూ చెప్పే ఓపిక ఉండదు. అప్పటిదాకా రాయడం ఒక్కటే చేయండి. మొదటి నెల ఒకే ఒక్క పని చేతులు మార్చండి. నల్లానో, రొట్టెలో, గ్యాస్ బుకింగో. అది నిలబడ్డాకే రెండోది. మధ్యలో పండుగొచ్చి అంతా మళ్లీ మీ మీదే పడితే, పండుగ అయిన మరుసటి రోజు పొద్దున పైపు మళ్లీ తమ్ముడి చేతికే ఇవ్వండి.